ఎళ్ళమావాస్య నాడు నాయనమ్మ మౌనవ్రతం

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను నా ఒక్కడి నాలుకతో సరిపెట్టుకోలేదు, ఇంటిల్లిపాది నాలుకలకూ ఒకే పూట మందేశాను. ఆ మందు ఎలా వికటించిందో, కాబోయే మామగారి ముందు నా పేరూ, నా ఊరూ, చివరికి నా వెనకభాగమూ ఎలా బజారున పడ్డాయో ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. కానీ నన్ను చూసి మాత్రమే నవ్వండి. మా బీదరును చూసి నవ్వాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు, నాకేం నష్టం లేదు.

మాది బీదరు బజారు గాంధీ గంజ్‌లో పప్పుల వ్యాపారం. మా తాతకు తాత ఎద్దుల మీద ఉప్పూ మిరియాలూ వేసుకుని తెలుగుదేశం నుంచి వచ్చాడట. సరుకు అమ్ముకుని వెళ్ళిపోయి ఉంటే గొడవే లేదు. జొన్నరొట్టె రుచి చూశాడు, ఉండిపోయాడు. అప్పటినుంచి మేం ఇక్కడివాళ్ళమే. మా నాన్న హమాలీలతో ఉర్దూలో, రైతులతో కన్నడంలో, గుమాస్తాతో మరాఠీలో, దేవుడితో తెలుగులో మాట్లాడేవాడు. కోపం వస్తే నాలుగూ కలిపేసేవాడు, దేవుడితో సహా అందరికీ అర్థమయ్యేది. నేను పుట్టినప్పుడు మా నాయనమ్మ బసవకళ్యాణ్ దేవుడికి మొక్కిన మొక్కు గుర్తొచ్చి నాకు బస్వప్ప అని పేరు పెట్టింది. తెలుగు షావుకారి ఇంట్లో బస్వప్ప ఏమిటని గంజ్‌లో ఒక్కడూ అడగలేదు.

అడిగినవాళ్ళు హైదరాబాదులో దొరికారు. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి చాలా ఏళ్ళే అయింది. నాకు పెళ్ళి వయసు వచ్చింది, బుద్ధి రాలేదు. చుట్టాల పెళ్ళిలో భోజనాల పంక్తిలో కూర్చుని వడ్డించేవాడితో, "అన్నా, జర పప్పు ఇటు తేరాదే" అన్నాను. అంతే. ఎదురు పంక్తిలో ఒక అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆమె పక్కనున్న పెద్దమనిషి, ఆమె తండ్రే, తల వంచి నన్ను పరకాయించి చూశాడు.

"మీది ఏ దేశం బాబూ?"

"మేం తెలుగువాళ్ళమేనండీ."

"అవునా! వింటే తెలియలేదు సుమండీ!"

పంక్తి పంక్తంతా నవ్వింది. ఆ అమ్మాయి పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని మళ్ళీ నవ్వింది. అవమానమూ ప్రేమా ఒకే విస్తట్లో వడ్డించారు నాకు. "పేరేమిటి బాబూ?" అని ఆయన అడిగితే నా నోట "వెంకటేశ్వరరావు" అని వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

ఆయన పేరు రామమూర్తి, గుంటూరులో మిరపకాయల వ్యాపారి. అమ్మాయి పేరు సుగుణ. ఆమెను తప్ప ఎవరినీ చేసుకోనని నేను మంచం ఎక్కాను. ఆ కొత్తపేరే చెప్పమని బతిమాలి చుట్టాల ద్వారా మాటలు నడిపించాను. "అబ్బాయి పర్వాలేదు గానీ, ఆ ఇంటి పద్ధతులేమిటో చూడందే పిల్లనివ్వలేం" అని గుంటూరు నుంచి కబురొచ్చింది. రామమూర్తిగారూ, వాళ్ళమ్మగారూ ఇల్లు చూడటానికి వస్తారట. రోజు మమ్మల్నే చెప్పమన్నారు.

ఇక్కడ నా తెలివి చూడండి. నేను ఎళ్ళమావాస్య రోజు రమ్మన్నాను.

ఎళ్ళమావాస్య అంటే మా వైపు పెద్ద పండగ. గంజ్ బందు. ఊరు ఊరంతా సద్దులు కట్టుకుని చేలల్లోకి పోతుంది. నా లెక్క ఏమిటంటే, ఆ రోజు వీధిలో హమాలీ ఉండడు, రైతు ఉండడు, "క్యా సేట్" అని పలకరించే నరమానవుడు ఉండడు. గుంటూరువాళ్ళకు బీదరు కనపడకుండా బీదరు చూపించి పంపించేయవచ్చు. అమావాస్య నాడు పెళ్ళిమాటలేమిటని వాళ్ళు అడగకుండా, "ఇల్లు చూడటం శుభకార్యం కాదు గదా, మాటలు తర్వాత మంచిరోజు చూసి అనుకుందాం" అని కూడా రాయించాను. ఆశ్చర్యంగా వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు.

ఒక్క చిక్కు ఉంది. ఆ పండక్కి మేం ఏటా దగ్గరి పల్లె చిమ్కోడ్‌లో కల్లప్ప మామ చేనుకు పోవాలి. కల్లప్ప మాకు రక్తసంబంధం కాదు, లింగాయతుల రైతు. పోలీసు చర్య ముందటి గడబిడ రోజుల్లో మా ఇంటిల్లిపాదీ వాళ్ళింట్లో తలదాచుకుంది. అప్పుడు నేను రెండేళ్ళవాణ్ణి, కల్లప్ప భార్య మల్లమ్మత్త చంక దిగకుండా పెరిగాను. ఆ ఏటినుంచి ఒక కట్టుబాటు నడుస్తోంది. ఎళ్ళమావాస్య నాడు పూజయ్యాక అన్నం, కూరలు, అంబలి కలిపి భూమితల్లికి ముద్దగా, కేకలేస్తూ చేను చుట్టూ చల్లుతారు. దాన్ని చరగ అంటారు. వాళ్ళ చేలో మొదటి పిడికెడు మా ఇంటి పెద్దకొడుకు, అంటే నేను, చల్లాలి. అది పడేదాకా వాళ్ళింట్లో ఎవరూ ముద్ద ముట్టరు.

"కల్లప్పకు రామని చెప్పి పంపినవా?" అని నాన్న అడిగాడు.

"చెప్పిన" అన్నాను. చెప్పలేదు. చెబితే ఎందుకు రారని అడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి? పొద్దెక్కితే వాళ్ళే కానిచ్చుకుంటారులే అనుకున్నాను.

ఇక ఇంటిని తెలుగు చేసే పని మొదలైంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట నోళ్ళు మూయించి రచ్చ గెలుద్దామనుకున్నాను. రేడియోలో వార్తలు విని విని ఆ తెలుగు పట్టేశాను. అందరూ అలాగే మాట్లాడాలని హుకుం జారీ చేశాను. జర, నక్కో, క్యా, అరె, అన్నీ బంద్. జొన్నరొట్టె వంటింటి గడప దాటరాదు. నన్ను బస్వప్ప అన్నవాళ్ళకు నాకూ సంబంధం లేదు.

గుంటూరువాళ్ళకు గోంగూర ప్రాణమని ఎవరో చెప్పారు. అదేదో దేవలోకపు ఆకు కాబోలనుకుని లారీ డ్రైవరును బతిమాలి హైదరాబాదు నుంచి తెప్పించాను. తడిగుడ్డలో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ గుడ్డ విప్పింది. ఆకును చూసింది. నన్ను చూసింది.

"ఇది మన పుండికూర గాదురా?"

"కాదు, గోంగూర."

"వారానికి రెండుసార్లు నీకు ఇదే వండి పెడుతున్న. పెరట్ల ఇంత పొద పెరిగింది. దీనికోసం హైదరాబాద్ దాక లారీ పంపినవారా?"

ఆ దెబ్బకైనా నాకు జ్ఞానోదయం కావాలి. కాలేదు. మూర్ఖుడికి జ్ఞానం ఒక్క ఆకుతో రాదు.

నాన్నకు రేడియో తెలుగు ఎంత నేర్పినా ఒంటబట్టలేదు. చివరికి, "ఎవరేమడిగినా 'చిత్తం' అను, ఇంకోమాట అనకు" అన్నాను. మిగిలింది నాయనమ్మ. ఆమెకు నేర్పడం బ్రహ్మతరం కాదు. కాళ్ళు పట్టుకున్నాను.

"నాయనమ్మా, ఒక్క పూట మౌనవ్రతం పట్టు. నా పెళ్ళి నీ చేతుల్ల ఉంది."

"నా చేతుల్లనా, నా నోట్లనా?"

"నోట్లనే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎందుకురా ఇంత సిగ్గు నీకు?" అంది. నేను పట్టిన కాళ్ళు వదల్లేదు. సరేనని మూతి బిగించుకుని గది మూల కూర్చుంది. ఆ బిగింపులోనే నాకు ప్రమాదం కనపడి ఉండాల్సింది.

రామమూర్తిగారు పొద్దున్నే రైలు దిగి వచ్చారు. ఇస్త్రీ పంచె, పట్టు కండువా. ఆయన వెంట వాళ్ళమ్మగారు, సన్నగా, తెల్లగా, గడప దగ్గరే ఆగి మా వాకిలినీ వీధినీ అదేపనిగా చూస్తోంది.

"విచ్చేయండి, విచ్చేయండి. ప్రయాణం సుఖప్రదంగా జరిగినదని భావిస్తున్నాను" అన్నాను. వార్తలు చదివినట్టే అన్నాను. వాతావరణ సూచన ఒక్కటే తక్కువ.

రామమూర్తిగారు కాస్త కంగారుపడి, "జరిగిందండి" అన్నారు. తర్వాత నాన్న వైపు తిరిగారు.

"కందుల వ్యాపారం ఎలా ఉందండీ?"

"చిత్తం."

"ధర పెరిగిందా?"

"చిత్తం."

"తగ్గిందన్నారే?"

"చిత్తం" అన్నాడు నాన్న, నుదుట చెమట తుడుచుకుంటూ.

"మరి పెద్దమ్మగారు మాట్లాడరేం?"

"వారు మౌనవ్రతంలో ఉన్నారండి. ప్రతి అమావాస్యకూ పాటిస్తారు" అన్నాను. నాయనమ్మ కళ్ళు ఉరిమి చూశాయి. అయినా వ్రతం నిలబడింది. గుంటూరు బామ్మగారు మాత్రం కిటికీలోంచి వీధి చివరికి చూస్తూ, "ఊళ్ళో ఎవరూ లేరే! అందరూ చేలకు పోయారా?" అని అడిగింది. నేను ఉలిక్కిపడి, "ప్రజలు విశ్రాంతి తీసుకుంటున్నారు" అన్నాను.

విస్తళ్ళు వేశాం. పప్పు, గోంగూర, నెయ్యి. గండం గడిచిందనుకున్నాను. సుగుణ నా పక్కన పీటల మీద కూర్చున్నట్టే ఉంది. సరిగ్గా అప్పుడే వీధిలో ఎద్దుల మువ్వలు వినిపించాయి. బండి మా వాకిట్లోనే ఆగింది. భుజాన నల్ల కంబళితో కల్లప్ప మామ, ఆయన వెనక మల్లమ్మత్త.

"ఏందిరా బస్వప్పా! పొద్దు నెత్తిమీదికొచ్చె. పిల్లలు ఆకలి ఆకలి అంటుండ్రు. అంబలి కుండ ముంగట్ల పెట్టుకొని మీ తోవ చూస్తున్నం. నువ్వేమో ఈడ పెండ్లికొడుకు తీరు కూసున్నవ్!"

రామమూర్తిగారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "బస్వప్ప ఎవరండీ?" అన్నారు.

పాఠకమహాశయులారా, మనిషన్నవాడు తప్పుకోవడానికి అప్పుడు నాకు నూరు దారులున్నాయి. నేను నూటొకటోది పట్టాను. లేచి నిలబడి, ఎత్తుకుని పెంచిన మనిషి మొహంలోకి చూసి, వార్తల గొంతుతో చెప్పాను:

"వీరెవరో మాకు తెలియదండి. తోవ తప్పి వచ్చి ఉంటారు."

మల్లమ్మత్త ముందు నవ్వబోయింది, పరాచికం అనుకుని. నా మొహం చూసి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే మంట పుడుతుంది. తర్వాత ఆమె కొంగు నడుముకు చుట్టుకుని రామమూర్తిగారి ముందుకు వచ్చింది.

"అయ్యా, మీరు పెద్దమనిషి తీరు ఉన్నరు, ఇనుండ్రి. ఈయనెవరో నాకు గూడ ఎరుకలేదు. కాని గడబిడ దినాలల్ల మా ఇంట్ల ఒక పోరడుండె. నేను రొట్టెలు చేస్తుంటె ఉరికొచ్చి కాలుతున్న పెంక మీద కూసున్నడు. ఎనుక, ఎడమ పక్క, అద్దరూపాయంత మచ్చ. ఈయనకు ఆ మచ్చుంటె బస్వప్ప. లేకుంటె నేనే తోవ తప్పిన."

రామమూర్తిగారు నా వైపు తిరిగారు. పాపం, ఎలా అడగాలో ఆయనకు తెలియలేదు. "వెంకటేశ్వరరావు గారూ... మరి... ఆ మచ్చ..."

"చిత్తం" అన్నాడు మా నాన్న.

అప్పుడు పగిలింది మౌనవ్రతం. నాయనమ్మ మూలలోంచి లేచిన తీరు చూస్తే తెగిన చెరువుకట్ట గుర్తుకొచ్చింది.

"ఉన్నదయ్యా మచ్చ! చూపెట్టమంటే చూపెడతం! వీని పేరు బస్వప్పనే, నేను పెట్టిన. వీళ్ళు మల్లమ్మ, కల్లప్ప. వీళ్ళు దాచకుంటె మా వంశం ఈడ లేకపోవు. ఇనుండ్రి, మేం జొన్నరొట్టె తింటం. ఉర్దూల లెక్క జేస్తం, కన్నడంల బేరం జేస్తం, తెలుగుల ఏడుస్తం. ఎవనికన్న బాకీ ఉన్నమా? ఎవనికి భయం? మా తాతలు ఎద్దుల మీద వచ్చిండ్రు, ఈ మట్టిల కలిసిండ్రు. ఇంక మేం ఎవలోలె మాట్లాడాలె? పిల్లనిస్తె ఇయ్యుండ్రి. ఇయ్యకుంటె అన్నం తినిపోండ్రి, సాయంత్రం రైలున్నది!"

నా పెళ్ళి ఆ రైలెక్కి వెళ్ళిపోతున్నట్టు నాకు కళ్ళకు కట్టింది. రామమూర్తిగారు చెయ్యి కడుక్కోవడానికి చెంబు అందుకున్నారు. కానీ బామ్మగారు కదల్లేదు. ఆమె మల్లమ్మత్త వైపు తిరిగి, మెల్లగా అడిగింది:

"చరగ ఆయ్తేనవ్వా?" చరగ అయిందా అమ్మా అని.

కన్నడం! గుంటూరు బామ్మగారి నోట కన్నడం! మల్లమ్మత్త తెల్లబోయి, "ఎల్లి ఆగ్యాదరీ! ఇవర దారి నోడ్కోత కుంతీవి" అంది. ఎక్కడైంది, వీళ్ళ దారి చూస్తూ కూర్చున్నామని.

"అమ్మా! నీకు ఈ భాష ఎక్కడిది?" అన్నారు రామమూర్తిగారు. ఆయనకు కూడా అప్పుడే తెలిసింది పాపం.

"పుట్టింటిది నాయనా" అంది బామ్మగారు. "మాది బళ్ళారి దగ్గర పల్లె. గుంటూరుకు కాపురానికొచ్చిన కొత్తలో నేను నోరు తెరిస్తే చాలు, మీ నాన్నగారింట్లో అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులకు భయపడి మింగేశాను. నీకు జోల కూడా ఆ భాషలో పాడలేదు. పాడాలని ఎంత ఉండేదో!" కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. "ఎళ్ళమావాస్యకు రమ్మని ఉత్తరమొస్తే, అబ్బాయి ఎంత తెలిసినవాడో, చేలో అన్నం పెట్టడానికి పిలిచాడని మురిసిపోయాను. తీరా వస్తే నన్ను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి గోంగూర పెడతాడా! గోంగూర మా ఇంట్లో లేదూ?"

అని, ఎవరి మాటా వినకుండా వెళ్ళి బండెక్కి కూర్చుంది. మా నాయనమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. చేసేదేముంది, ఇస్త్రీ పంచె ఎగగట్టుకుని రామమూర్తిగారూ ఎక్కారు. బండిలో నాకు చోటు లేదన్నాడు కల్లప్ప మామ. ఉంది. అయినా లేదన్నాడు. చిమ్కోడ్ దాకా దుమ్ములో నడిచాను.

చేలో జొన్నకర్రల గుడిసె, లోపల దేవుళ్ళుగా నిలిపిన సున్నం పూసిన రాళ్ళు, పూజ ముగించుకుని ఎదురుచూస్తున్న కల్లప్ప సంసారం. నేను సిగ్గుతో వెళ్ళి చరగ గంప ముందు చెయ్యి చాపాను. మల్లమ్మత్త గంప వెనక్కి లాక్కుంది.

"ఎవరయ్యా నువ్వు? నాకెరుక లేదే!"

"అత్తా, తప్పయింది."

"అది పేరా? పేరు చెప్పు."

"బస్వప్ప."

"ఇనపడతలే. ఆ గట్టు కాడికి ఇనపడాలె."

"బస్వప్పను!" అని అరిచాను. పక్క చేలవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"ఏ ఊరు?"

"బీదర్!"

"ఎవరి పిల్లగానివి?"

నవ్వితే నవ్వండి. "నీ పిల్లగాణ్ణే అత్తా" అన్నాను. అప్పుడు గంప నా చేతికిచ్చింది. మొదటి పిడికెడు చల్లాను. రెండోది చల్లడానికి బామ్మగారు సిద్ధంగా నిలబడి ఉంది. చీర చెక్కుకుని, చేను చుట్టూ కేకలేస్తూ ఆమె పరుగెత్తిన పరుగుకు బండి ఎద్దులు కూడా పక్కకు తప్పుకున్నాయి. రామమూర్తిగారు సజ్జరొట్టెలో భజ్జి అనే కలగూర పెట్టుకుని, ఇదేం కూర, ఇందులో ఏమేం వేస్తారని అడుగుతూ, అడిగినంతసేపూ తింటూ ఉన్నారు.

సాయంత్రం స్టేషన్లో నేను ధైర్యం కూడగట్టుకున్నాను. "మామా... అంటే, అండీ... మన సంబంధం సంగతి..."

రామమూర్తిగారు వాళ్ళమ్మ వైపు చూశారు. బామ్మగారు రైలు కిటికీలోంచి తల బయటపెట్టి, అందరికీ వినపడేలా చెప్పింది: "పిల్లనిస్తాం. నిన్ను చూసి అనుకునేవు, నిన్ను చూస్తే ఎవరూ ఇవ్వరు. ఏటా ఎళ్ళమావాస్యకు ఈ చేనుకు రావాలంటే నాకు ఇక్కడ ఒక చుట్టరికం ఉండాలి గదా!"

అలా ఒక ముసలమ్మ పండగ సరదా కోసం నా పెళ్ళయింది. ఇక పెద్దల సాక్షిగా, పుండికూర సాక్షిగా, చూపించడానికి వీలులేని ఆ మచ్చ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఎవరి ముందూ మళ్ళీ వార్తలు చదవను. కన్నవాళ్ళనూ పెంచినవాళ్ళనూ తోవ తప్పినవాళ్ళని అనను. మా ఇంటి తెలుగు వినలేనివాళ్ళు చెవులు మూసుకోవచ్చు, మేం నోళ్ళు మూసుకోం. ఇంతకు మించి ఎవరికైనా సందేహాలుంటే మా ఆవిడ సుగుణను అడగండి. పుట్టింది గుంటూరులోనే. అయితే మొన్న మా పంక్తిలో కూర్చున్న ఒక చుట్టం బీదరు భాష విని నవ్వాడని, పెరుగన్నం దాకా రానివ్వకుండా లేపేసింది.